గవ్వల డబ్బా: నాలుగు చుట్లు తిరిగాక

కొరియర్ ఆఫీసు అబ్బాయి ఫోన్ చేసి, "మేడం, మీ డబ్బా గలగలమంటుంది. పగిలిందేమో, వచ్చి చూసుకొని సంతకం పెట్టండి" అన్నాడు. గుండె జారిపోయింది. ఆ డబ్బా గలగలమనకూడదు. కటింగ్ టేబుల్ మీద బ్లౌజు ముక్క సగం కత్తిరించింది అలాగే వదిలేసి ఆటో ఎక్కాను. అక్కడ కౌంటర్లో ఇంకొకాయన, "ఏముందమ్మా ఇందులో?" అని అడిగాడు. గవ్వలు అన్నాను. "గవ్వలేసి జాతకం చెప్తరా? మా బిడ్డది ఒకటి చూడాలె" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇది నాకు నాలుగో చుట్టు. ఒకరి నుంచి ఒకరికి తిరిగే ఈ గవ్వల మార్పిడి డబ్బాలో చేరాలా వద్దా అని ఇప్పటికి ముగ్గురు నలుగురు అడిగారు కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నాను. మంచీ చెడూ రెండూ ఉన్నాయి.

నేను మహబూబ్‌నగర్‌లో లేడీస్ టైలర్‌ని. పదహారేళ్లుగా ఇదే పని. మా ఊరికి సముద్రం ఏ దిక్కునా దగ్గర లేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి బాపట్ల దగ్గర సూర్యలంక చూశాను, అంతే. మరి గవ్వల పిచ్చి ఎట్లా పట్టిందంటే, లంబాడీల తీజ్ పండగ వల్ల. శ్రావణం వచ్చిందంటే తండాల నుంచి అమ్మాయిలు వాళ్ల నాయనమ్మల పాత రవికలు పట్టుకొచ్చి, "అక్కా, ఈ గవ్వల పట్టీ తీసి కొత్త దానికి కుట్టాలె" అంటారు. అట్లా ఒకసారి పాత పట్టీ విప్పుతుంటే మధ్యలో ఒక గవ్వ వేరేగా కనిపించింది. మిగతావన్నీ పసుపు తెలుపు, గడ్డలు గడ్డలుగా ఉన్నాయి. ఇది నున్నగా, వీపు మీద సగం తెగిన నారింజ రంగు గీత. ఆ గీత ఏంటని వెతకడం మొదలుపెట్టినదాన్ని ఇప్పటిదాకా ఆగలేదు. గడ్డలున్నది ఒకప్పుడు డబ్బుగా చెల్లిన గవ్వ, మోనెటా. మాల్దీవుల నుంచి ఓడల్లో బెంగాల్‌కు గవ్వలు వెళ్లేవని, బదులుగా బియ్యం వచ్చేవని ఇబ్న్ బతూతా 14వ శతాబ్దంలోనే రాశాడు. గీత ఉన్నది ఉంగరం గవ్వ, ఆన్యులస్. వీపు మీద ఉంగరం పెట్టినట్టు గుండ్రటి గీత ఉంటుంది. కుట్టడానికి వీలుగా వీపు కోసేసినప్పుడు ఆ ఉంగరంలో చాలా భాగం పోతుంది. నా చేతికొచ్చిన దానికి ఓ పక్క కొంచెం మిగిలింది.

సరే, డబ్బా సంగతి. భీమిలి వైపు ఉండే ఒక రిటైర్డ్ సైన్సు టీచర్ దీన్ని నడుపుతున్నారు. పేరు రాయొద్దన్నారు. అక్కడివాళ్లందరూ మాస్టారూ అంటారట, నాకు అలవాటు లేక సార్ అనే పిలుస్తాను. గాలం వేసేవాళ్లు సామాను పెట్టుకునే రకం ప్లాస్టిక్ డబ్బా ఒకటి. రెండు అంతస్తులు, మొత్తం ముప్పై ఆరు గళ్లు. తొమ్మిదిమందిమి. అందులో ఐదుగురు సముద్రం పక్కవాళ్లు, నలుగురం మెట్టవాళ్లం. డబ్బా ఒకరి నుంచి ఒకరికి తిరుగుతుంది. వచ్చాక ఏడు రోజులు మన దగ్గర పెట్టుకోవచ్చు. నచ్చినవి తీసుకొని, అదే విలువకు (విలువంతా పాయింట్ల లెక్కే) మనవి పెట్టి, నోటు పుస్తకంలో రాసి, తర్వాతి వాళ్లకు పంపాలి. చుట్టుకు రెండు వందలు సార్‌కు, తర్వాతి వాళ్లకు పంపే కొరియర్ ఖర్చు మనదే. నాకు బరువును బట్టి నూట అరవై నుంచి రెండు వందల ముప్పై దాకా అయింది. డబ్బుతో కొనడం, అమ్మడం లేదు. అది ఆయన పెట్టిన మొదటి షరతు.

రెండో షరతు చీటీ. గవ్వ పేరు, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎలా దొరికింది (ఒడ్డున ఖాళీగానా, వలలో పడిందా), సైజు మిల్లీమీటర్లలో. ఇవన్నీ చిన్న చీటీ మీద రాసి గవ్వతో పాటు పెట్టాలి. చీటీ లేకపోతే ఎంత అందమైనదైనా ఒక్క పాయింటే. మొదట్లో నాకు ఇది చాదస్తం అనిపించింది. సైజు దగ్గరే దెబ్బ తిన్నాను. పులిగవ్వ ఒకటి పెడుతూ నా టేపుతో కొలిచి 92 అని రాశాను. నెల్లూరు ఆవిడ దగ్గరికి వెళ్లాక పుస్తకంలో ఎర్ర ఇంకుతో "78" అని దిద్ది ఉంది. నిజమే మరి. టేపు వంపు మీద నుంచి పోతుంది. ఛాతీ కొలతకు అది సరిపోతుంది గానీ గవ్వకు కొస నుంచి కొసకు నేరుగా కొలవాలి. ఆ సిగ్గుతో అలా నేరుగా కొలిచే ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్ కొన్నాను, నూట యాభై. ఇప్పుడు గుండీలకు కూడా దాంతోనే కొలుస్తున్నాను, అది వేరే విషయం.

మెట్టప్రాంతం వాళ్లకు అసలు సమస్య ఏంటంటే, తీసుకోవడానికి చాలా ఉంటాయి, పెట్టడానికేం ఉంటాయి? మొదటి చుట్టులో నా దగ్గరున్న కుట్టు గవ్వలు ఓ ఇరవై పెట్టాను. బేగంబజార్‌లో కిలో లెక్కన కొన్నవి. సార్ ఫోన్ చేశారు.

"అమ్మా, వీపు కోసినవి పెట్టారు. వీటికి పాయింట్లు రావు."

"ఒక్కటి కూడానా సార్?"

"చిల్లిగవ్వ కదమ్మా" అన్నారు. అని ఆయనే పకపకా నవ్వారు.

చిన్నప్పటి నుంచి వింటున్న మాట. చేతిలో చిల్లిగవ్వ లేదు అంటాం, చిల్లిగవ్వకు కొరగాడు అంటాం. కానీ అచ్చంగా చిల్లిగవ్వ పెట్టి, దానికి విలువ లేదని చెప్పించుకున్నది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తర్వాత ఆయనే దారి చూపించారు. మీ దగ్గర కృష్ణ ఉంది కదా, చెరువులున్నాయి కదా, మంచినీళ్ల గుల్లలు పంపండి అన్నారు. తీరం వాళ్లు వాటిని అడుగుతారట. ఎవరైనా వాటిని కోరుకుంటారని నాకు తట్టనే లేదు. బీచుపల్లి పోయినప్పుడు ఇసుకలో ఆల్చిప్పలు ఏరాను. పైన మట్టి రంగు, లోపల ముత్యంలా మెరుపు. వరి మళ్ల గట్ల మీద కొంగలు తిని వదిలేసిన నత్తగుల్లలు, మూతితో సహా. నత్త లోపలికి ముడుచుకున్నప్పుడు తలుపులా మూసుకునే మూత ఉంటుంది చూడండి, ఆ మూత అదే నత్తదై ఉండి జతగా పెడితే విలువ ఎక్కువ. ఈ ముక్క తెలియక మొదట మూతలన్నీ పారేశాను. నా ఆల్చిప్ప ఒక్కోదానికి మూడు పాయింట్లు వచ్చాయి. సముద్రం పక్కనున్న ఆయన మహబూబ్‌నగర్ చిప్పలు అడిగి మరీ తీసుకున్నాడు!

ఇక నాకు వచ్చినవాటిలో రెండు చెబుతాను. మొదటిది బటన్ గవ్వలు. అంబోనియం అంటారు. శనగ గింజ కంటే కాస్త పెద్దవి, బల్లపరుపుగా, నిగనిగలాడుతూ. గుప్పెడు పోస్తే ఏ రెండూ ఒక్క తీరుగా లేవు. ఒకటి బూడిద రంగు మీద తెల్ల చుక్కలు, ఒకటి గులాబి, ఒకటి చాక్లెట్ చారలు. మన తూర్పు తీరంలో కుప్పలుగా ఉంటాయట, అక్కడ పిల్లలు కాళ్లతో తొక్కుకుంటూ పోతారట. నేను ట్రేలో పోసి ఒక గంట కూర్చున్నాను. కస్టమర్ వచ్చి, "అక్కా, ఈ గుండీలు నా కుర్తాకు పెట్టవా?" అంది. చచ్చినా పెట్టను. రంధ్రం వేస్తే మళ్లీ చిల్లిగవ్వే.

రెండోది టెక్స్‌టైల్ కోన్. పేరులోనే బట్ట ఉంది. 61 మిల్లీమీటర్లు. పొడుగు గరాటు ఆకారం, తెలుపు మీద త్రికోణాలు, గోధుమ రంగు పట్టీలు, పట్టీలలో సన్నటి నల్ల గీతలు. నారాయణపేట చీర టెంపుల్ బార్డరు తెలుసు కదా, ఆ త్రికోణాలను ఒకదాని మీద ఒకటి పరిచి, చిన్నవీ పెద్దవీ కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మగ్గం మీద లెక్క తప్పితే బార్డరు వంకరపోతుంది. ఈ నత్తకు మగ్గం లేదు, లెక్క లేదు, గుల్ల పెరిగే అంచు దగ్గర కొంచెం కొంచెంగా రంగు వేసుకుంటూ పోతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఒకచోట గుల్ల విరిగి మళ్లీ అతుక్కున్న మచ్చ ఉంది. అక్కడి నుంచి డిజైను కాస్త జరిగింది, రఫ్ఫు చేసిన బట్టలో గళ్లు కలవనట్టు. ఆ మచ్చ వల్లే పన్నెండు పాయింట్ల గవ్వ తొమ్మిదికి వచ్చింది. నాకైతే ఆ మచ్చే ఇష్టం. ఒక మాట, ఈ జాతి నత్త బతికున్నప్పుడు విషం గల ముల్లుతో పొడుస్తుంది. దీని చుట్టాల్లో ఒకటైన జియోగ్రఫీ కోన్ మనుషుల ప్రాణాలు కూడా తీసింది. బీచ్‌లో కదులుతున్న కోన్ కనిపిస్తే చేతిలోకి తీసుకోవద్దు. ఖాళీ గుల్లతో భయం లేదు.

ఇప్పుడు ఫిర్యాదులు.

పాయింట్లు పెట్టేది ఇచ్చేవాళ్లే. ఇదే పెద్ద లోపం. గవ్వ నాణ్యతకు గ్రేడులున్నాయి. మచ్చ, పెచ్చు ఏమీ లేకపోతే జెమ్, తర్వాత ఎఫ్, అంటే ఫైన్, దానికి ప్లస్సులు తగ్గుతూ అలా కిందికి. తొమ్మిదిమందిలో ఇద్దరికి వాళ్ల గవ్వలన్నీ జెమ్‌లే. అంచు పెచ్చు ఊడింది కనిపిస్తూనే ఉంటుంది, చీటీ మీద మాత్రం జెమ్. చెప్తే, "చూసే కళ్లను బట్టి ఉంటుంది" అంటారు. నేను జాకెట్ చంక దగ్గర ముడత వదిలేసి, చూసే కళ్లను బట్టి అంటే ఊరుకుంటారా? సార్ మాత్రం ధర మీద ఎవరికీ పట్టుదల ఉండకూడదని గ్లోరియా మారిస్ కథ చెప్తారు. 1777లో పేరు పెట్టిన కోన్ అది. దాదాపు రెండు వందల ఏళ్లు ప్రపంచంలోకెల్లా అరుదైన గవ్వల్లో ఒకటిగా వెలిగింది. 1969లో గ్వాడల్‌కెనాల్ దగ్గర డైవర్లకు అవి వందకు పైగా దొరికాయి, ఆ తర్వాత ఆ ధర ఉండలేదు. కథ బాగుంది సార్, కానీ జెమ్ సంగతి తేల్చండి అన్నాను. ఇంకా తేల్చలేదు.

రెండో చుట్టులో ఒక గడిలో దక్షిణావర్త శంఖం, అంటే నోరు కుడికి ఉన్నది, వచ్చింది. చీటీ మీద "రామేశ్వరం, నలభై పాయింట్లు". నలభై అంటే నా డబ్బా భాగమంతా ఇచ్చినా చాలదు. శాస్త్రం వాళ్లు గుల్లను మొన పైకి పెట్టి చూస్తారు, మనం శంఖాన్ని మొన కిందికి, నీళ్లు పోసే ముక్కు పైకి పెట్టి చూస్తాం. అందుకే వాళ్లు ఎడమ అన్నది మనకు కుడి అవుతుంది. అది తెలిశాక తిప్పి తిప్పి చూశాను. నోరు కుడికే ఉంది. కానీ సార్ పుస్తకం మొదటి పేజీలో ఒక గుర్తు రాశారు: అసలు శంఖం నోట్లో లోపలి స్తంభం మీద మూడు నాలుగు మడతలుంటాయి. కుచ్చిళ్లన్నమాట. కుచ్చిళ్లు లెక్కపెట్టడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను, లేవు. సూది మొన పెట్టి తడిమాను, నున్నగా జారిపోయింది. ఫోటో పంపితే సార్ వెంటనే చెప్పేశారు. అది లైట్నింగ్ వెల్క్, అమెరికా తూర్పు తీరంలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉండేది. అక్కడ అది పుట్టుకతోనే ఆ వైపుకు తిరుగుతుంది, వింతేమీ కాదు. 1987లో టెక్సాస్ వాళ్లు దాన్ని తమ రాష్ట్ర గవ్వగా ప్రకటించుకున్నారు కూడా. మన శంఖం దాదాపు ఎప్పుడూ రెండో వైపుకే తిరుగుతుంది. లక్షల్లో ఎప్పుడో ఒకటి తిరగబడితే దానికే ఆ ధర. శంఖంలో పోస్తేనే తీర్థం అంటారు, ఈ వెల్క్‌లో పోస్తే అమెరికా తీర్థమే. పెట్టినాయన కావాలని మోసం చేశాడని నేననను, ఆయన్ను కూడా ఎవరో ముంచి ఉంటారు. కానీ నలభై కొట్టేసి మూడు రాయడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది.

మూడో చుట్టులో నాటిలస్ ముక్క ఒకటి వచ్చింది, గదులు గదులుగా కోసి పాలిష్ పట్టింది. బీచ్ దగ్గర బండి మీద కొన్నానని రాశారు. మన 1972 వన్యప్రాణి చట్టంలో 2001లో కొన్ని గవ్వజాతులను రక్షిత జాతులుగా చేర్చారు. నాటిలస్, ట్రైటన్, హెల్మెట్, సముద్రంలోని జెయింట్ క్లామ్ అనే పెద్ద ఆల్చిప్పలు అందులో ఉన్నాయి. ఇది డబ్బా మూతకు అంటించిన కాగితంలో స్పష్టంగా ఉంది. అయినా పెట్టారు. నా పేరున కొరియర్ చేసే డబ్బాలో అది ఉండటం నాకు టెన్షన్. తీసి పక్కన పెట్టి, సార్‌కు ఫోన్ చేశాను. ఆయన ఆ సభ్యుణ్ణి గట్టిగానే మందలించారని తర్వాత తెలిసింది. పిలిస్తే పలికే మనిషి, ఈ విషయంలో మార్కులు పూర్తిగా ఇస్తాను.

వాసన గురించి చెప్పకపోతే మా అత్తమ్మ ఊరుకోదు. ఒక మ్యూరెక్స్ వచ్చింది, ఒళ్లంతా ముళ్లు, చూడముచ్చటగా ఉంది. లోపల నత్త కొసముక్క ఎండి ఉండిపోయింది. రెండో రోజుకు ఇల్లంతా వాసన. "ఏంది బిడ్డా ఇది, ఎలుక సచ్చినట్టున్నది, ఇంట్ల నుంచి తియ్యి ముందు" అంది. ఇసుక కుండీలో పూడ్చి పెరట్లో పెట్టాను, చీమలు పది రోజుల్లో శుభ్రం చేశాయి. నున్నటి గవ్వలకు మాత్రం ఇలా చేయకూడదు, మెరుపు పోతుంది. మరిగించినా చిట్లుతుంది. వాటిని ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, కరిగించి, లాగాలి. మా ఫ్రీజర్‌లో పెట్టే ధైర్యం ఇంకా చేయలేదు.

మరో తప్పు పూర్తిగా నాదే. వచ్చినవన్నీ దారం ఉండలు పెట్టుకునే ప్లైవుడ్ సొరుగులో దాచాను. వానలు పడ్డాక చూస్తే గవ్వల మీద తెల్లగా ఉప్పు పూసినట్టు పొడి, కాస్త వెనిగర్ వాసన. బైన్ జబ్బు అంటారట. 1899లో బైన్ అనే ఇంగ్లీషాయన దీని గురించి రాశాడు, ఏదో క్రిమి పని అనుకున్నాడు. క్రిమి కాదు. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి గవ్వలోని సున్నపు పదార్థాన్ని తింటుంది. గుల్లను కాల్చి సున్నం చేస్తాం కదా, కాల్చితే సున్నమయ్యే ఆ పదార్థమే. నాలుగు గవ్వలు మెరుపు పోయాయి, మళ్లీ రాదు. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి.

ప్యాకింగ్ కూడా ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తారు. నేను కట్‌పీస్ ముక్కలతో చుడతాను, షాపులో అవే కదా మిగిలేవి. అందరూ మెచ్చుకున్నారు, ఒక్క రాజమండ్రి ఆయన తప్ప. ముళ్ల గవ్వలకు దారం పోగులు చిక్కుకుంటున్నాయట, ట్వీజర్‌తో గంట సేపు పీకారట. ఆయన మాట నిజమే, ముళ్లవాటికి టిష్యూ కాగితం వాడాలి. కానీ ఈసారి నాకు పంపిన మనిషి ఏమీ చుట్టలేదు. అందుకే ఆ గలగల. పల్చటి ఫిగ్ గవ్వ ఒకటి అప్పడంలా నుజ్జయింది, రెండు కోన్ల మూతి అంచులు పెచ్చులూడాయి. కొరియర్ వాళ్లు మా తప్పు కాదన్నారు, పంపినాయన కొరియర్ తప్పన్నాడు. పగిలిన వాటి పాయింట్లు ఎవరి ఖాతాలో కొట్టేయాలో పుస్తకంలో నియమం లేదు. ఇది రాయకుండా ఐదో చుట్టు మొదలుపెట్టొద్దని సార్‌కు చెప్పాను.

ఐదుకు మూడున్నర ఇస్తాను. తొందరపడేవాళ్లకు ఇది కుదరదు. ఒక చుట్టు మూడు నెలలు పడుతుంది. అలంకారానికి గవ్వలు కావాలంటే బజార్లో కిలో కొనుక్కోవడం నయం. దొరికిన చోటు, తేదీ తెలిసిన గవ్వ కావాలి, సముద్రానికి పోలేను అనేవాళ్లకు మాత్రం నాకు తెలిసినంతలో ఇంతకంటే చవక దారి లేదు. చేరేముందు వెర్నియర్ కొనుక్కోండి. మీ ఊరి చెరువు గట్టు ఒకసారి తిరిగి రండి.

ఈసారి డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, రెండు రోజుల గడువుంది. నిన్న సాయంత్రం లెక్క చూసుకుంటే పై అంతస్తులో ఒక గడి ఖాళీ. ఉంగరం గవ్వలు నాలుగు, లక్షదీవుల నుంచి వచ్చినవి, ఎవరూ కోయనివి, ఒక్కోటి రెండు పాయింట్లు. చీటీలు నాలుగూ అక్కడే ఉన్నాయి, గవ్వలు లేవు. షాపంతా వెతికాను, అసిస్టెంట్ పిల్లను కూడా అడిగాను. అప్పుడు అరుగు మీద నుంచి అరుపు వినిపించింది. పోయి చూస్తే అత్తమ్మ, పక్కింటి బాలమ్మ సుద్దముక్కతో గళ్లు గీసుకొని అష్టాచెమ్మా ఆడుతున్నారు. నాలుగు గవ్వలూ బోర్లా పడి ఉన్నాయి, నాలుగు వీపుల మీద నాలుగు నారింజ రంగు ఉంగరాలు.

"అష్టా!" అంది అత్తమ్మ నన్ను చూసి. "గీ గవ్వలు మంచిగున్నయి బిడ్డా, ఇట్ల పడంగనే కనవడుతున్నయి."

పుస్తకం తీసి, తీసుకున్నవారు అన్న చోట నా పేరు రాసి, ఎనిమిది పాయింట్లు వేసుకున్నాను.